చెక్క గిలక్కాయ, రబ్బరు బొమ్మ, నూలు కుందేలు: నాలుగేళ్ళ వాడకం తరువాత

మా పెద్దవాడికి నాలుగో నెల నిండగానే కొన్న మూడు బొమ్మల్లో రెండు, నాలుగేళ్ళు గడిచాక, ఇప్పుడు ఏడాదిన్నర వయసున్న చిన్నదాని చేతికి వచ్చాయి. మూడోది కొన్న మూడు నెలలకే చెత్తబుట్టకు చేరింది. మూడింటి పెట్టెల మీదా 'సహజమైనది' అనే మాట పెద్ద అక్షరాలతోనే ఉంది. ఆ మాట బొమ్మను దేనితో చేశారో చెబుతుంది గాని, ఎలా చేశారో, ఎలా కడగాలో చెప్పదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

చెక్క గిలక్కాయ బీచ్ అనే చెట్టు చెక్కతో చేసినది. పిడికి మూడు వలయాలు తొడిగి ఉంటాయి. రంగు లేదు, అవిసె నూనె, తేనెమైనం పూత మాత్రమే. బీచ్ గట్టి చెక్క, దాని నార సన్నం. అందువల్ల చిగుళ్ళు సలిపినప్పుడల్లా ఇద్దరూ కసిదీరా కొరికినా గాట్లు పడ్డాయే తప్ప ఒక్క పేడు లేవలేదు. అయితే ఆరు నెలలు చొంగలో నానేసరికి పూత పోయి, వేలితో రాస్తే గరుకు తగలసాగింది. సన్నని ఉప్పు కాగితంతో రుద్ది, మళ్ళీ నూనె పట్టించాను. 'కాచిన అవిసె నూనె' పేరుతో రంగుల దుకాణాల్లో దొరికేదానిలో త్వరగా ఆరడానికి కోబాల్టు, మాంగనీసు లవణాలు కలుపుతుంటారు కనుక, నోట్లో పెట్టుకునే వస్తువుకు అది పనికిరాదు. తినడానికి వాడే పచ్చి నూనె రాస్తే ఆరడానికి వారాలు పడుతుంది. అన్నాళ్ళు పిల్లవాడు ఊరుకుంటాడా అన్నది వేరే సంగతి. ఒకసారి పాలసీసాలతో పాటు దీన్ని కూడా వేడినీళ్ళలో వేసి మరిచిపోయాను. తెల్లారేసరికి పిడి చివర వెంట్రుకవాసి నెర్రె కనిపించింది. తప్పు నాదే, చెక్కను తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి.

రబ్బరు బొమ్మ సంగతి అలా కాదు. అచ్చమైన చెట్టు రబ్బరే, మెత్తగా ఉంటుంది, నొక్కితే కూస్తుంది. ఆ కూతకోసం అడుగున చిన్న రంధ్రం పెట్టారు. కడిగినప్పుడు నీళ్ళూ, కొరికినప్పుడు చొంగా ఆ రంధ్రంలోంచి లోపలికి పోతాయి, తిరిగి ఆరవు. మూడో నెలలో ముక్కవాసన మొదలైంది. ఒకరోజు గట్టిగా నొక్కితే నల్లని నలుసులతో రెండు చుక్కలు నా అరచేతిలో పడ్డాయి. కత్తెరతో నిలువునా కోసి చూస్తే లోపలి గోడంతా నల్లటి బూజు. అమ్మినవారికి రాస్తే, నీళ్ళలో ముంచకూడదని పెట్టె అడుగున ఉందన్నారు. నిజమే, భూతద్దం పెట్టి చదవవలసినంత చిన్న అక్షరాలలో ఉంది. చంటిబిడ్డ నోట్లో నానే బొమ్మకు ఆ షరతు పెట్టడమేమిటో! ఆ తరువాత రంధ్రం లేని, ఒకే ముక్కగా పోతపోసిన వలయం తీసుకున్నాము, దానితో ఏ బాధా లేదు. రబ్బరు పాలు (లేటెక్స్) ఒంటికి పడనివాళ్ళున్న ఇళ్ళలో మాత్రం ఇదీ వద్దు.

నూలు కుందేలుకు కళ్ళు గుండీలు కావు, దారంతో కుట్టినవి. దాన్ని కొన్నది అందుకే. లెక్కలేనన్నిసార్లు ఉతికాము. రెండేళ్ళకు చెవి దగ్గర కుట్టు ఊడి దూది బయటికి వచ్చింది, మళ్ళీ కుట్టాను. ఏడాది నిండేదాకా నిద్రలో పక్కన ఉంచలేదు. మెత్తటి వస్తువు ముఖానికి అడ్డుపడితే తప్పించుకునే శక్తి ఆ వయసులో ఉండదు.

మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి ప్రయోగశాలల్లో వాడే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే ముక్క ఏదైనా గొంతుకు అడ్డుపడే ప్రమాదమున్నదే. ఇంట్లో మేము టాయిలెట్ కాగితపు చుట్ట లోపలి అట్టగొట్టం వాడుతున్నాము. అది కాస్త వెడల్పు కాబట్టి, పొరపాటు జరిగినా జాగ్రత్తవైపే ఉంటుంది. గిలక్కాయ వలయాలు అందులో పట్టవు. చుట్టాలు కానుకగా ఇచ్చిన అంబర్ (రాయిలా గట్టిపడిన చెట్టు జిగురు) పూసల దండ విషయంలో కొలత కూడా అవసరం లేకపోయింది. పళ్ళ నొప్పికంటూ మెడలో వేసే ఇటువంటి దండలతో గొంతు బిగుసుకునే, పూసలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. పెట్టెమీద దానికీ 'సహజమైనది' అనే ఉంది.

మళ్ళీ కొనవలసి వస్తే గిలక్కాయనూ, రంధ్రం లేని వలయాన్నీ సందేహించకుండా కొంటాను. కుందేలును కుట్టు లాగి చూశాకే తీసుకుంటాను.