కోర్టు దగ్గర టైపింగ్ షాపు: 30 రూపాయల పనికి వెళ్తే

శ్రీకాకుళంలో కోర్టు దగ్గర జిరాక్సు, టైపింగు షాపులు వరసగా ఉంటాయి కదా, వాటిల్లో ఒకదాని గురించి రాస్తున్నాను. పేరు రాద్దామంటే బోర్డు మీద పేరే లేదు. "తెలుగు, ఇంగ్లీషు టైపింగు – అర్జీలు, అఫిడవిట్లు" అని ఉంటుందంతే. నడిపే ఆయన్ని అందరూ మాస్టారు అంటారు గానీ బడిపంతులు కాదు, చాలా ఏళ్ళు ప్లీడరు గుమస్తాగా చేసినాయన.

నాది గుజరాతీపేటలో టైలరింగు షాపు. తెలిసినావిడే కదా అని ఒకామెకి ప్రోనోటు మీద 80 వేలు ఇచ్చాను. కొన్నాళ్ళు వడ్డీ సరిగ్గానే కట్టింది, తరవాత ఫోనెత్తడం మానేసింది. "420 కేసు పెట్టేద్దాం వదినా, స్టేషనుకి పిలిస్తే మర్నాడే తెచ్చి ఇస్తుంది" అని మా మరిది ఒకటే గోల. ఆ ఫిర్యాదు టైపు చేయించడానికే మాస్టారి దగ్గరకి వెళ్ళాం. పేజీకి 30 రూపాయలు. ఆయన టకటకా కొట్టేసి ఇచ్చేస్తే మేం కట్టేసి వచ్చేవాళ్ళమే.

కీబోర్డు మీద చెయ్యి వెయ్యకుండానే అడిగారు: "డబ్బు తీసుకున్న రోజునే ఎగ్గొడదామనుకుందా అమ్మా, తరవాత కట్టలేక ఆగిపోయిందా?"

ఈ ఒక్క ప్రశ్నలోనే మొత్తం ఉంది. మొదట్నుంచీ మోసం చేసే ఉద్దేశంతో తీసుకుంటే అది నేరం, స్టేషనుకి వెళ్ళాలి. తీసుకుని ఇవ్వలేకపోతే అది బాకీ, సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి. అన్నాళ్ళు వడ్డీ కట్టిన మనిషి మొదటి రోజే ముంచుదామనుకుందంటే ఎవరు నమ్ముతారు? అప్పు వసూలు చేసి పెట్టడం పోలీసుల పని కాదని, "ఇది సివిల్ మేటరమ్మా" అని తిప్పి పంపించేస్తారని ముందే చెప్పేశారు. మా మరిది ఊరుకోడే! "మరి 420 దేనికండీ?" అన్నాడు. "2024 జులై 1 నుంచి పీనల్ కోడు పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది బాబూ, చీటింగు 318కి మారింది. దానికైనా మోసం చేసే ఉద్దేశం చూపించాలి" అన్నారు. మా మరిది ముఖం చూడాలి అప్పుడు.

తరవాత ప్రోనోటు చూపించమన్నారు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, కాగితాన్ని ట్యూబ్‌లైటు కిందకి పట్టుకుని చూశారు. ముందు రెవెన్యూ స్టాంపు. సంతకం స్టాంపు మీద నుంచి కాగితం మీదకి దిగిందా లేదా అని వేలితో తడిమి చూశారు. స్టాంపు లేని ప్రోనోటైతే కోర్టులో సాక్ష్యంగా తీసుకోరట, తరవాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలు కూడా లేదట. ఆ తరవాత తేదీ. ఇక్కడ నా గుండె జారింది. ప్రోనోటు బాకీకి దావా వేసే గడువు మూడేళ్ళు, నాది చూస్తే మూడేళ్ళు దాటిపోయి ఉంది. ఆయన మాత్రం ఏమీ అనకుండా కాగితం వెనక్కి తిప్పారు. ఆవిడ ఒకసారి 5 వేలు కట్టినప్పుడు తన చేత్తోనే "వడ్డీ కింద 5000 జమ" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది. "ఇదమ్మా నిన్ను కాపాడింది" అన్నారు. గడువు లోపల బాకీ కింద ఎంతో కొంత కట్టి, కట్టినవాళ్ళే రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క మొదలవుతుంది. ఆ లెక్కన నాకు ఇంకా తొమ్మిది నెలలు ఉంది. వడ్డీలకి ఇచ్చేవాళ్ళు ఈ పేరా ఇంకోసారి చదువుకోండి. ఫోన్‌పేలో వచ్చిందిలే అని ఊరుకోకుండా నోటు వెనక రాయించుకోండి.

మా పని సగంలో ఉండగా ఆమదాలవలస వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నిలబడే మొదలెట్టాడు: "ఆడి మీద కేసెట్టాలి బావూ, నా గట్టు కొట్టీసినాడు."

"గట్టు కొట్టేడా, నిన్ను కొట్టేడా తాతా?"

"గట్టే బావూ. నానెల్లి అడిగితే నెట్టీసినాడు."

"దెబ్బ తగిలిందా?"

"మోసెయ్యి కొట్టుకుపోనాది."

మాస్టారు ఒక తెల్ల కాగితం తీసి మధ్యలో గీత గీశారు. ఒక పక్క నెట్టడం, దెబ్బ: ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి చూపించుకో, ఆ చీటీ పట్టుకుని స్టేషనుకి వెళ్ళు, ఎఫ్ఐఆర్ కడితే కాపీ ఊరికే ఇస్తారు, అడిగి తీసుకో. రెండో పక్క గట్టు: గ్రామ సచివాలయంలో హద్దుల సర్వేకి అర్జీ పెట్టు, సర్వేయరు కొలిచాక కూడా అవతలివాడు వినకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షను, అంటే గట్టు జోలికి రావద్దని ఆర్డరు. ఒక్క తగాదాకి రెండు దారులు. పోలీసులు గట్టు వేసి పెట్టరు, సివిల్ జడ్జిగారు నెట్టినందుకు జైల్లో పెట్టరు. ఆ కాగితం మడిచి పెద్దాయన జేబులో పెట్టి, సర్వే అర్జీ ఒక్కటే టైపు చేసి, ఒక పేజీకే డబ్బు తీసుకున్నారు. నాలుగు పేజీల ఫిర్యాదు కొట్టి 120 తీసుకున్నా అడిగేవాడు లేడు అక్కడ.

హైవే మీద బండి గుద్దిన కేసులు కూడా ఇలాగే విడదీస్తారు. డ్రైవరు మీద క్రిమినల్ కేసు ఒకటి, నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో క్లెయిము ఇంకొకటి. క్రిమినల్ కేసులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి, క్లెయిములో సాక్ష్యం ఏ పక్కకి మొగ్గితే అటే తీర్పు. అందుకే అక్కడ డ్రైవరు బయటపడినా ఇక్కడ డబ్బు రావచ్చు. చెక్కు బౌన్సు వాళ్ళకైతే గోడ మీద కాగితమే అంటించి పెట్టారు: బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు, అందిన తరవాత వాళ్ళకి 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే నెల లోపల కోర్టులో కంప్లయింటు. ఆ కాగితం ఫొటో తీసుకుపోయేవాళ్ళే ఎక్కువ, టైపు చేయించుకునేవాళ్ళు తక్కువ.

ఆయనలో నాకు నచ్చింది, ఎక్కడ ఆగాలో తెలుసు. "దావా వెయ్యాలా, రాజీకి పిలవాలా, అది ప్లీడరు చెప్పాలమ్మా, నేను చెప్పకూడదు" అని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పంపించారు. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా ప్లీడర్ని పెడతారని నాకు అప్పటిదాకా తెలీదు. 15100కి ఫోన్ చేసి కూడా అడగొచ్చట. నా అర్జీని కేసు వెయ్యక ముందే లోక్ అదాలత్‌కి (ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేసే చోటు) తీసుకున్నారు, కోర్టు ఫీజు లేదు. ఆవిడ వచ్చింది. వడ్డీ కొంత వదులుకున్నాను, నెలకి 8 వేల చొప్పున పది వాయిదాలకి ఒప్పుకుంది. ఆ రాజీని రాసిచ్చిన కాగితాన్ని అవార్డు అంటారు, అది కోర్టు డిక్రీతో, అంటే సివిల్ కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. వాయిదా తప్పితే నేరుగా అమలుకే వెళ్ళొచ్చు. ఇప్పటిదాకా తప్పలేదు. మా మరిది మాత్రం, స్టేషనులో ఒక రాత్రి కూర్చోబెట్టి ఉంటే ఒకేసారి వచ్చేదని ఇంకా అంటూనే ఉన్నాడు.

ఇక బాగులేనివి. రేట్లు ఎక్కడా రాసి ఉండవు. పేజీకి 30 అని నోటితో చెప్తారు, ఇంగ్లీషుకి ఎంతో అప్పుడు చెప్తారు. కూర్చోడానికి ఒకే బెంచీ, అందులో సగం ఫైళ్ళు. నా అర్జీలో మా నాన్నగారి ఇంటిపేరు తప్పు కొట్టారు. మళ్ళీ ఊరికే కొట్టిచ్చారనుకోండి, కానీ నేను చదువుకోకపోయి ఉంటే అలాగే వెళ్ళిపోయేది. సంతకం పెట్టే ముందు పేరు, తండ్రి పేరు, డోరు నంబరు మీరే చూసుకోండి. ఆయన రాసే తెలుగు కూడా "ఇందుమూలముగా తమరికి విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలై మూడో లైనుకి గానీ సంగతికి రాదు. నేను నా మాటల్లో చెప్తానంటే ఒప్పుకోలేదు.

ఆ ఒక్కటే, దానికీ రేట్ల బోర్డు లేనందుకూ కలిపి ఒక స్టారు తీసేసి నాలుగు ఇస్తున్నాను.

వెళ్ళేవాళ్ళకి: పొద్దున్న కోర్టు మొదలయ్యే వేళ వెళ్ళకండి, అప్పుడు ప్లీడర్ల గుమస్తాలే చుట్టూ ఉంటారు, మీతో మాట్లాడ్డానికి ఆయనకి తీరదు. మూడు దాటాక నయం. ఒరిజినల్ కాగితాలు, రెండేసి జిరాక్సులు, ఆధారు పట్టుకెళ్ళండి. జిరాక్సు మిషను ఆయన దగ్గర లేదు, పక్క షాపులో తీయించుకోవాలి. చిల్లర ఉంచుకోండి, ఫోన్‌పే స్టిక్కరు ఉంది గానీ డబ్బు వాళ్ళబ్బాయికి వెళ్తుందని ఆయనకి ఇష్టం ఉండదు.