పిట్స్‌బర్గా, కొలంబసా, క్యారీయా: ఏది మేలు?

న్యూజెర్సీ అద్దెలు చూసి బెదిరిపోయి "కాస్త చిన్న ఊరైతే ఎలా ఉంటుందండీ" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. తిప్పి తిప్పి మూడు పేర్లే వస్తాయి: పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్, ఒహాయోలో కొలంబస్, నార్త్ కరోలినాలో రాలీ పక్కనున్న క్యారీ–మోరిస్‌విల్. జీతం, స్కూల్ రేటింగులు మీరెలాగూ చూసుకుంటారు కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నేను చూసేది ఒకటే, ఉన్న ఒక్క కారూ పొద్దున ఆఫీసుకి వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలినవాళ్ళ సంగతేంటి?

హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద వచ్చినవాళ్ళకి, హెచ్1 (ఉద్యోగ వీసా) మీదున్న భర్త లేదా భార్య ఐ-140, అంటే గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయ్యేదాకా మామూలుగా ఉద్యోగం చేసే వీల్లేదు. అమ్మానాన్నలు వస్తే ఆరు నెలలు ఉంటారు, వాళ్ళకి డ్రైవింగ్ రాదు. ఇలా సాయంత్రం ఆరింటిదాకా కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునే ఇళ్ళు చాలానే చూశాను.

ఈ లెక్కన నా ఓటు పిట్స్‌బర్గ్‌కే, అదీ అక్కడి స్క్విరెల్ హిల్ అనే పేటకి. ఫోర్బ్స్, ముర్రే అవెన్యూలు కలిసే చోటే కార్నెగీ లైబ్రరీ బ్రాంచ్ ఉంది. అక్కణ్ణుంచి కాస్త నడిస్తే కూరగాయలు, మందులు, కాఫీ, చిన్న సినిమా హాలు కూడా. 61 నంబరు బస్సుల్లో ఏదెక్కినా యూనివర్సిటీలు, మ్యూజియంలు ఉన్న ఓక్లాండ్‌కి, ఇంకా ముందుకెళ్తే డౌన్‌టౌన్‌కి వెళ్ళొచ్చు. మామయ్యగారు ఎవరినీ అడక్కుండా లైబ్రరీకి వెళ్ళి పేపర్ చదువుకుని రాగలగడం చిన్న విషయం కాదు.

అలాగని అంతా బాగుంటుందని చెప్పను. ఊరంతా ఎత్తుపల్లాలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మంచు కాలంలో బయట అడుగుపెట్టడమే టెన్షన్. నవంబరు నుంచి సూర్యుడు అప్పుడప్పుడూ వచ్చిపోయే చుట్టమే. ఇళ్ళు పాతవి, చాలావాటిలో బాత్రూం పైఅంతస్తులోనే ఉంటుంది. సిటీలో ఉంటే జీతం మీద లోకల్ టాక్స్ 3 శాతం, స్టేట్‌ది 3.07 శాతం వేరే. 1976 నాటి పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి మాత్రం కారు కావాల్సిందే, పులిహోర కోసమైనా ఎలాగూ వెళ్తారు.

కొలంబస్‌లో మనవాళ్ళు ఎక్కువ. శివార్లలోని డబ్లిన్, పావెల్ వైపు తెలుగు వినిపించని అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ అరుదు. బ్యాంకులు, ఇన్సూరెన్స్, హెల్త్‌కేర్ కంపెనీలు ఉండటంతో ఒక ప్రాజెక్ట్ పోతే అదే ఊళ్ళో ఇంకోటి వెతుక్కోవచ్చు. హెచ్1 మీద ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఇచ్చే 60 రోజుల గ్రేస్ పీరియడ్ లెక్కపెట్టుకునేవాళ్ళకి ఇది పెద్ద ధైర్యం, ఇక్కడ పిట్స్‌బర్గ్ వెనకబడుతుందని ఒప్పుకోవాలి. కానీ రైలన్నదే లేని ఊరు, శివార్లలో బస్సులు అంతంతమాత్రం. నడవడానికి దారులున్నా ఆ దారులు ఏ కొట్టుకీ చేరవు. సిటీలో పనిచేస్తే 2.5 శాతం టాక్స్ ఇక్కడా ఉంది.

క్యారీ–మోరిస్‌విల్ ఈ రెండిటికీ మధ్యస్తం. చలి తక్కువ, లోకల్ ఇన్‌కమ్ టాక్స్ లేదు, సాయంత్రమైతే గ్రీన్‌వేల (చెట్ల మధ్య నడక దారుల) మీద మన పెద్దవాళ్ళే గుంపులుగా కనిపిస్తారు. మోరిస్‌విల్‌లో 2021 నుంచి పిలిస్తే వచ్చే స్మార్ట్ షటిల్ నడుస్తోంది, టికెట్ లేదు, కాకపోతే వాళ్ళు పెట్టిన స్టాపుల మధ్యే. ఆ స్టాపుల్లో ఒకదాని దగ్గర ఇల్లు దొరికితే నా ఓటు కూడా కాస్త ఊగుతుంది.

ఒమాహా, డెమోయిన్ కూడా అడిగారు కొందరు. చలి గట్టిది, కారు తప్పదు. ఆఫర్ బాగుంటే వెళ్ళండి, అంతే.

ఇద్దరికీ ఉద్యోగాలు, ఇంట్లో రెండు కార్లు, అమ్మానాన్నలు వచ్చే ఆలోచన ఇప్పట్లో లేదు అంటారా, అయితే పైన చెప్పినదంతా పక్కన పెట్టి కొలంబస్ వెళ్ళిపోండి.