యుక్రెయిన్‌లో విషివాంకాల వేట: ఏ ఊళ్ళో చూడాలి, ఎక్కడ కొనాలి, ఎక్కడ దిగాలి

ముందే ఒక మాట చెప్పేస్తా, విషివాంకా, అంటే యుక్రెయిన్ ఎంబ్రాయిడరీ చొక్కా, ఇష్టం ఉంటే ముందు మ్యూజియంకి వెళ్ళండి, ఆ తర్వాతే మార్కెట్‌కి. ఏ ప్రాంతం చొక్కా ఎలా ఉంటుందో కళ్ళకి అలవాటు కాకుండా షాపుకెళ్తే అన్నీ ఎర్ర పూలే, అన్నీ అందంగానే ఉంటాయి, ఏది తీసుకోవాలో తెలీదు. మేం వెళ్ళింది 2019 మే నెలలో, నేనూ అమ్మా. తమ్ముడు అప్పుడు చెర్నివ్‌ట్సీలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు, వాణ్ణి చూసినట్టూ ఉంటుంది, అమ్మకి కుట్టుపని పిచ్చి కాబట్టి ఆవిడ సరదా తీర్చినట్టూ ఉంటుందని ప్లాన్ వేశా. రష్యా దాడి మొదలైన 2022 ఫిబ్రవరి నుంచి అక్కడి ఆకాశం మూసేశారు, పౌర విమానాల్లేవు, కాబట్టి ఇందులో రేట్లూ రూట్లూ అప్పటివే అనుకుని చదవండి.

కీవ్‌లో దిగగానే చేసిన మంచి పని ఇవాన్ హొంచార్ మ్యూజియం. పెచెర్స్క్ లావ్రా మఠం పక్కనే ఉంటుంది, మెట్రోలో అర్సెనాల్నా స్టేషన్‌లో దిగాలి, అది నేల కింద 105 మీటర్ల లోతులో ఉంది, ఎస్కలేటర్ మీద పైకి రావడానికే చాలా సేపు పడుతుంది. హొంచార్ ఒక శిల్పి, సోవియట్ కాలంలో ఊళ్ళు తిరిగి పాత చొక్కాలు, బొమ్మలు, ఫొటోలు పోగేసి తన ఇంట్లోనే పెట్టి జనానికి చూపించేవాడట, ఆ రోజుల్లో అది చిన్న ధైర్యం కాదు. చీటీలు ఎక్కువగా యుక్రెయిన్ భాషలోనే కనిపించాయి, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ ఉంటే సరిపోతుంది.

అక్కడే అమ్మకి లెక్క అర్థమైపోయింది. పోచంపల్లి ఏదో గద్వాల ఏదో మనం అంచూ కొంగూ చూసి చెప్పేస్తాం కదా, వీళ్ళ చొక్కా ఊరు చెప్పేది చెయ్యి, ముఖ్యంగా భుజం దగ్గర వేసే పట్టీ. పోల్టావా చొక్కా దూరం నుంచి చూస్తే ఏమీ లేని తెల్ల చొక్కాలాగే ఉంటుంది, దగ్గరికెళ్తే తెల్ల బట్ట మీద తెల్ల దారంతోనే కుట్టు, మధ్యమధ్యలో పోగులు లాగేసి మిగిలిన పోగుల్ని కట్టలుగా బిగించి జాలీ చేస్తారు, దాన్ని మెరెజ్కా అంటారు, కొన్నిచోట్ల బట్టని గళ్ళుగా కత్తిరించి అంచులు కుట్టేస్తారు. ఉత్తరాన పోలిస్సియా వైపు అయితే తెల్ల నార బట్ట మీద ఎర్ర గీతలు, డైమండ్లు, అంతే, చాలా నిబ్బరంగా ఉంటాయి. ఇక టెర్నోపిల్ వైపు బోర్ష్‌చివ్ చొక్కా దగ్గర మాత్రం అమ్మ కదల్లేదు. చేతుల నిండా నల్ల ఉన్ని దారం, బట్ట కనపడనంత దట్టంగా, మధ్యలో అక్కడక్కడా ఎరుపో పసుపో చుక్కలు. పూర్వం దాడుల్లో ఊళ్ళో మగవాళ్ళంతా చనిపోతే ఆడవాళ్ళు కొన్ని తరాలు నలుపే కడతామని ఒట్టు పెట్టుకున్నారని కథ చెప్తారు, కథే అనుకోండి, కానీ ఆ చెయ్యి చూస్తే నమ్మాలనిపిస్తుంది.

కీవ్ నుంచి ల్వీవ్‌కి రాత్రి రైలు. తలుపున్న నాలుగు బెర్తుల కూపే తీసుకోండి, దుప్పట్లు సీల్ చేసిన కవర్లో ఇస్తారు, కోచ్ చూసుకునే ఆవిడ ఇనప హోల్డర్‌లో గాజు గ్లాసు పెట్టి టీ తెచ్చిస్తుంది, టైముకి చేరాం, నాకైతే ఏ వంకా దొరకలేదు.

ల్వీవ్ చూడ్డానికి బ్రహ్మాండం, చొక్కాలు కొనడానికి మాత్రం నేను రెండో చోటే అంటా. ఒపెరా దగ్గర్లో వెర్నిసాజ్ అని ఓపెన్ మార్కెట్ ఉంది, వరసగా స్టాళ్ళు, చొక్కాలు హ్యాంగర్లకి వేలాడుతుంటాయి. మెషీన్ కుట్టువి 600, 800 హ్రివ్నియాలకి దొరికాయి, అప్పుడు హ్రివ్నియా అంటే మనకి రెండున్నర రూపాయల పైన. చేతి కుట్టు 3000 హ్రివ్నియాల నుంచి మొదలై పైకి పోతూనే ఉంది. సెంటర్లో ఒక షాపులో మాత్రం చేతి కుట్టే అని గట్టిగా చెప్పి మెషీన్‌ది అంటగట్టబోయారు, అమ్మ చొక్కా లోపలి వైపు తిప్పింది, దారాలన్నీ ఒకే కొలతలో, వెనకాల తెల్లటి గట్టి కాగితంలాంటి గుడ్డ అతికించి ఉంది, మారు మాట్లాడకుండా బయటికొచ్చేశాం. చేతి పనిలో వెనక ముడి తక్కువ, దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి వెళ్ళిన దారి కనిపిస్తుంది.

ఇంకో సంగతి, మనం ఫొటోల్లో ఎక్కువగా చూసే ఎరుపూ నలుపూ గులాబీల క్రాస్ స్టిచ్ అంత పాతదేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మాస్కోలోని బ్రోకార్ సబ్బుల కంపెనీ రేపర్ల మీద ఆ డిజైన్లు అచ్చేసి అమ్మింది, ఊళ్ళల్లో ఆడపిల్లలు అవి చూసి కుట్టేశారు, చాలాచోట్ల పాత స్థానిక కుట్లు పక్కకి పోయాయి. గులాబీలు అందంగా లేవని కాదు, కానీ పైసలు పెట్టి కొనేవాళ్ళు తెలుసుకుని కొంటే బాగుంటుంది. అన్నట్టు 20 హ్రివ్నియాల నోటు మీద ఇవాన్ ఫ్రాంకో అనే కవి బొమ్మ ఉంటుంది, కోటు లోపల విషివాంకానే.

చెర్నివ్‌ట్సీకి సరిగ్గా మే 16కి చేరేలా పెట్టుకున్నాం, ఎందుకంటే మే మూడో గురువారం విషివాంకా డే. 2006లో ఈ ఊరి యూనివర్సిటీ స్టూడెంట్లే మొదలుపెట్టారు, ఇవాళంతా క్లాసుకి ఎంబ్రాయిడరీ చొక్కాల్లోనే వద్దామని, అది దేశమంతా పాకింది. ఆ యూనివర్సిటీ బిల్డింగ్ ఎర్ర ఇటుకల ప్యాలెస్, హ్లావ్కా అనే చెక్ ఆర్కిటెక్ట్ కట్టింది, 2011లో యునెస్కో లిస్టులోకి ఎక్కింది. ఆ రోజు బస్సు డ్రైవర్, బ్యాంకులో అమ్మాయి, తోపుడుబండిలో పాప, అందరూ వాటిల్లోనే. తమ్ముడి బ్యాచ్‌లో మన గుంటూరు, వరంగల్ పిల్లలు కూడా ఫ్రెండ్స్ దగ్గర అడిగి తెచ్చుకుని వేసుకున్నారు. "అక్కా, మా ప్రొఫెసర్ చొక్కా చూడవే, వాళ్ళ అమ్మమ్మదంట" అని తమ్ముడు చూపిస్తే చూశా, భుజం పట్టీ ఒక రకం, దాని కింద ఒకే రంగులో అడ్డ పట్టీ, ఆ కింద ఏటవాలుగా దిగే తీగలు, వాటి నిండా చిన్న చిన్న గాజు పూసలు. బుకోవినా, అంటే ఈ చెర్నివ్‌ట్సీ వైపు, చొక్కా అంటే ఇదే, పూసలూ చమ్కీలూ జరీ దారం, చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. రొమేనియా బోర్డర్ పక్కనే కాబట్టి వాళ్ళ జాకెట్లలో కూడా చేతికి ఇదే మూడు భాగాల పద్ధతి, రొమేనియా మోల్డోవాల చొక్కా పని 2022లో యునెస్కో గుర్తింపు తెచ్చుకుంది.

ఇక్కడ స్టే మాత్రం బాధపెట్టింది. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన అపార్ట్‌మెంట్ ఓనర్ చేరాక క్లీనింగ్ డబ్బులని అదనంగా క్యాష్ అడిగాడు, వేడి నీళ్ళు కూడా సాయంత్రానికి గానీ రాలేదు. ఓల్హా కొబిల్యాన్స్కా వీధి మీద బళ్ళు తిరగవు, ఆ చుట్టుపక్కల దిగితే మాత్రం అన్నీ నడకలోనే అయిపోతాయి.

మర్నాడు రైల్లో కొలొమియా. ఒక్క ఊరే చూడగలం అంటే నేను దీన్నే చెప్తా. హుత్సుల్, పొకుత్తియా (కొలొమియా చుట్టుపక్కల ప్రాంతం) జానపద కళల మ్యూజియం ఉంది, చొక్కాలూ, కెప్తార్ అనే గొర్రెతోలు చేతుల్లేని కోట్లూ, చెక్క పనీ, గదులు గదులుగా. హుత్సుల్ అంటే కార్పాతియన్ కొండల్లో వాళ్ళు, వాళ్ళ కుట్టు అంతా నారింజ, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, చిన్న చిన్న కోణాలు. నిజింకా అనే కుట్టు ఉంది చూడండి, దాన్ని బట్ట వెనక వైపు నుంచి కుడతారు, పోగులు లెక్కపెట్టుకుంటూ ముందు నల్ల దారంతో వరస వరస నడిపించి తర్వాత ఖాళీల్లో రంగులు నింపుతారు, ముందువైపు డిజైన్ తిరగేసి పడుతుంది. ముందు కనపడకుండా అంత చిన్న గళ్ళు ఎలా లెక్క తప్పకుండా కుట్టారో అని అమ్మ అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది, అక్కడ కాపలా ఉన్న పెద్దావిడ వచ్చి వేలితో గాల్లో కుడుతున్నట్టు చూపించింది, భాష ఒక్క ముక్క రాకపోయినా ఇద్దరూ బాగా మాట్లాడుకున్నారు. పక్కనే ఈస్టర్ గుడ్ల మ్యూజియం, బిల్డింగే పెద్ద రంగుల గుడ్డు, పిల్లలుంటే తప్పకుండా వెళ్ళండి, లేకపోతే అరగంట చాలు. గెస్ట్‌హౌస్ చిన్నదే కానీ శుభ్రం, మేం మాంసం తినమని తమ్ముడు ఫోన్‌లో చెప్తే ఆవిడ బంగాళదుంప వరేనికీలు (కజ్జికాయల్లా మడిచి నీళ్ళలో ఉడికించేవి) ఉల్లిపాయలు వేసి చేసిపెట్టింది, పందికొవ్వు ముక్కలు వెయ్యకుండా.

శనివారం కోసివ్ సంత. తెల్లారకముందే మొదలవుతుంది, పొద్దెక్కేసరికి పాత సరుకు అమ్మేవాళ్ళు సర్దేసుకుంటారు, అందుకని మొదటి మార్ష్రుత్కాకే వెళ్ళండి, కుదిరితే ముందు రాత్రే కోసివ్‌లో ఉండండి. మార్ష్రుత్కా అంటే షేర్ వ్యాన్, ఇరుకు, కొండ రోడ్డు, వాంతులయ్యేవాళ్ళు ముందు సీటు చూసుకోవాలి. సంతలో కొత్త చొక్కాలూ ఉంటాయి, ముసలమ్మలు సంచుల్లోంచి తీసే పాతవీ ఉంటాయి. కోస్మాచ్ ఊరి చొక్కా ఒకటి చూశాం, నారింజ పసుపు కలిసి దూరానికి నిప్పులా ఉంది, కుట్టు ఎంత దట్టమంటే వేలు పెడితే కింద బట్ట తగల్లేదు. ధర మా వల్ల కాలేదు, బేరం కూడా అడగబుద్ధి కాలేదు, అది కుట్టడానికి ఎన్ని నెలలు పట్టిందో అమ్మ పక్కనే చెప్తోంది మరి. ఈమధ్య కుట్టిన చేతి పని చొక్కా ఒకటి తీసుకున్నాం, 4000 లోపే వచ్చింది, ల్వీవ్‌లో అదే రకానికి చాలా ఎక్కువ చెప్పారు. బాగా పాతవి కొనేవాళ్ళు జాగ్రత్త, పురాతన వస్తువు కింద లెక్కేస్తే దేశం దాటించడానికి అనుమతి కాగితం కావాలి. పచ్చ, పసుపు, గోధుమ రంగుల కోసివ్ మట్టి పాత్రలు కూడా చూడండి, మేం వచ్చేశాక అదే ఏడు డిసెంబర్‌లో యునెస్కో లిస్టులో చేరాయి.

తమ్ముడు 2022లో సిరెట్ బోర్డర్ మీదుగా రొమేనియాలోకి దాటి ఆపరేషన్ గంగా విమానంలో వచ్చాడు, వాళ్ళ క్లాస్‌మేట్స్ ఇప్పటికీ మే మూడో గురువారం చొక్కాలేసుకుని ఫొటోలు పంపుతారు. వెళ్ళే రోజులొస్తే నేనైతే కొలొమియాకే ముందు టికెట్ తీస్తా, బోర్ష్‌చివ్ కూడా కలుపుతా.

ఎవరి దగ్గరైనా చేతి కుట్టు విషివాంకా ఉంటే మెషీన్‌లో వెయ్యకండి, ఎర్ర దారం రంగు దిగుతుంది, చల్లనీళ్ళలో విడిగా జాడించి నీడలో ఆరేసి, వెనక వైపు తిప్పి టవల్ మీద పరిచి ఇస్త్రీ చెయ్యండి, పూసలున్నవైతే ఇస్త్రీ పెట్టె వాటికి తగలనివ్వకండి.