ఏనుగా, గాడిదా: పేకాట ఇష్టమున్నవాడి ఓటు ఎవరికి?

"అన్నా, ఇద్దరూ ఇద్దరే. ఎవరికేస్తే ఏంటి?"

సిటిజన్‌షిప్ చేతికొచ్చి, మొదటి బ్యాలట్ పోస్టులో వచ్చాక వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ పక్కనున్న మా రెడ్మండ్ చుట్టుపక్కల మనవాళ్ళు నన్ను అడిగే మాట ఇదే. పన్నులు, తుపాకులు, అబార్షన్ మీద ఎవరి లెక్క వాళ్ళకుంటుంది, వాటి జోలికి పోను. అడిగేవాళ్ళ అసలు బాధ వేరు. నా డబ్బుతో నా ఇంట్లో నేను ఆడుకుంటే వీళ్ళకేంటి? నా మెయిళ్ళలో వేలు పెట్టడానికి వీళ్ళెవరు? ఈ రెండిటి మీద ఏనుగు గుర్తు రిపబ్లికన్లూ, గాడిద గుర్తు డెమొక్రాట్లూ ఏం చేశారో చూద్దాం.

ముందు జూదం. ఆ మధ్య ఒక మిత్రుడు న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మా పక్క వీధిలోకి మారాడు. సామాన్లు ఇంకా విప్పలేదు. అట్టపెట్టె మీద కాఫీ కప్పు పెట్టుకుని ఫోన్లో పోకర్ యాప్ తెరిచాడు. అది లొకేషన్ చూసుకుని, మీరున్న రాష్ట్రంలో ఆడటం కుదరదంది. న్యూజెర్సీలో 2013 నుంచి లైసెన్సుతో నడుస్తున్న ఆటే అది. "ఇక్కడ ఉన్నది డెమొక్రాట్లే కదా, ఇంత స్ట్రిక్టా?" అన్నాడు.

స్ట్రిక్టంటే మామూలు స్ట్రిక్టు కాదు. వాషింగ్టన్ రాష్ట్రం 2006లోనే ఆన్‌లైన్ జూదాన్ని క్లాస్ సి ఫెలనీ, అంటే పెద్ద నేరం, చేసేసింది. ఐదేళ్ళ దాకా జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా. బిల్లు తెచ్చింది డెమొక్రాట్ సెనేటర్, సంతకం చేసింది డెమొక్రాట్ గవర్నర్ క్రిస్టీన్ గ్రెగాయర్. రాష్ట్ర సెనేట్‌లో ఒక్క ఓటు కూడా ఎదురు పడలేదు. అదే మనిషి కారెక్కి అరగంటలో స్నోక్వాల్మీ క్యాసినోకి పోయి తెల్లవార్లూ ఆడితే ఏ తప్పూ లేదు. సోఫాలో కూర్చుని ఆడితేనే నేరం. ఇక న్యూజెర్సీలో ఆన్‌లైన్ ఆటకి తలుపు తీసిన చట్టం మీద సంతకం పెట్టిన క్రిస్ క్రిస్టీ రిపబ్లికన్. ఏ రకం జూదమూ, ఆఖరికి లాటరీ కూడా లేని రాష్ట్రాలు రెండున్నాయి. వాటిలో యూటా రిపబ్లికన్ల కోట, హవాయి డెమొక్రాట్లది. ఇక పార్టీ పేరు చూసి ఏం తేల్చుకుంటాం?

మనకి ఢిల్లీ ఎలాగో, ఇక్కడ రాష్ట్రాలన్నిటికీ పైన కేంద్ర ప్రభుత్వం ఉండే వాషింగ్టన్ డీసీ అలాగ. అక్కడ జరిగింది ఇంకా విడ్డూరం. 2006 సెప్టెంబరు ఆఖర్లో, ఎన్నికల కోసం సభ వాయిదా పడబోతుండగా, ఓడరేవుల భద్రత బిల్లుకి ఆన్‌లైన్ జూదం నిషేధాన్ని తగిలించారు. రేవుల భద్రత వద్దని ఎవడంటాడు? దిగువ సభలో 409 మంది ఔనన్నారు, కాదన్నది ఇద్దరే. అక్టోబరు 13న రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టాడు. ఆ చట్టం ఆడేవాణ్ణి ముట్టుకోలేదు, డబ్బు పంపే బ్యాంకుల మెడ మీద కత్తి పెట్టింది. గుర్రప్పందేలకీ ఫాంటసీ ఆటలకీ మాత్రం మినహాయింపు.

సరే, అది రిపబ్లికన్ల పని అనుకుంటే, 2011 ఏప్రిల్ 15న పెద్ద పోకర్ సైట్లు మూడిటిని మూయించింది డెమొక్రాట్ ఒబామా హయాంలోని న్యాయశాఖ. వాటిలో ఒకదాంట్లో ఇరుక్కున్న డబ్బు ఆటగాళ్ళకి తిరిగి రావడం మొదలైంది 2014లో. అదే న్యాయశాఖ 2011 డిసెంబరులో, ఫోన్ తీగల మీద పందేల వ్యాపారం నడపొద్దనే పాత వైర్ చట్టం స్పోర్ట్స్ బెట్టింగ్‌కే వర్తిస్తుందని చెప్పింది. ట్రంప్ మొదటి హయాంలో ఆ మాట మళ్ళీ తిరగబడింది. 2025 జూలైలో రిపబ్లికన్లు పాస్ చేసిన పన్ను చట్టం ఇంకో మెలిక పెట్టింది. 2026 నుంచి జూదంలో పోయిన డబ్బులో 90 శాతమే లెక్కలోకి వస్తుంది. లక్ష గెలిచి, లక్ష పోగొట్టుకుని ఖాళీ జేబుతో ఇంటికొచ్చినవాడు కూడా పదివేల మీద పన్ను కట్టాలి.

మనకిది కొత్తేం కాదులెండి. 2017లో తెలంగాణలో కేసీఆర్ ప్రభుత్వం, 2020లో ఆంధ్రలో జగన్ ప్రభుత్వం, 2025లో కేంద్రంలో మోదీ ప్రభుత్వం, ఎవరికి వాళ్ళే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ఆపారు. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ళ వార్తలు చదివినవాణ్ణి, ఆ భయాన్ని కొట్టిపారేయను. నాకైతే నిషేధం కన్నా న్యూజెర్సీ పద్ధతే నయం. లైసెన్సు, డబ్బుకి పరిమితి, నన్ను ఆడనివ్వొద్దని మనమే పేరు రాయించుకునే వీలు ఉంటాయి. ఇక్కడిదాకా రెండు పార్టీలకీ సున్నా సున్నా.

అందుకే నా ఓటుని తేల్చేది జూదం కాదు. ప్రభుత్వానికీ నాకూ మధ్య ఒక జడ్జి నిలబడతాడా లేదా, అంతే.

విదేశీ నిఘా చట్టంలోని సెక్షన్ 702 సంగతి చూడండి. విదేశాల్లో ఉన్న విదేశీయుల మెసేజీలు, మెయిళ్ళు పట్టుకోవడానికి పెట్టింది. వాళ్ళతో మాట్లాడేవాళ్ళు అమెరికన్లయినా ఆ వలలో పడతారు. అలా పోగుపడ్డ దాంట్లో ఎఫ్‌బీఐ ఒక అమెరికన్ పేరు కొట్టి వెతకాలంటే జడ్జి వారంట్ అక్కర్లేదు. భీమవరంలో బంధువులు, హైదరాబాదులో క్లయింటు, బెంగళూరులో టీమ్ ఉన్న మనలాంటివాళ్ళకి ఇది పేపర్లో వార్త కాదు, రోజూ ఇంట్లో ఉండే గొడవ. 2024 ఏప్రిల్ 12న దిగువ సభలో వారంట్ ఉండాల్సిందే అనే సవరణ ఓటుకొచ్చింది. 212 అటు, 212 ఇటు. సమానమైతే ఓడినట్టే. ఔనన్నవాళ్ళలో రిపబ్లికన్లు 128, డెమొక్రాట్లు 84. బైడెన్ వైట్ హౌస్ దాన్ని వ్యతిరేకించింది.

అయితే రిపబ్లికన్లే మేలా? ఆ ఓటుకి రెండు రోజుల ముందు ఈ చట్టాన్ని చంపేయమన్న ట్రంపే 2018 జనవరిలో దాన్ని పొడిగిస్తూ సంతకం పెట్టాడు. ఒబామా అయినా అంతే. నిఘాకి సాయపడ్డ ఫోన్ కంపెనీలకి కేసుల నుంచి రక్షణ ఇచ్చే బిల్లుని అడ్డుకుంటానని ప్రచారంలో చెప్పి, 2008 జూలైలో దానికే ఓటేశాడు. కుర్చీ దూరంగా ఉన్నప్పుడు అందరికీ స్వేచ్ఛ గుర్తొస్తుంది.

త్రాసు ఒక పక్కకి కాస్త ఒరిగింది 2025 జనవరి 20న. హెచ్‌1బీ మీద ఉన్న దంపతులకి ఇక్కడ పుట్టే పిల్లలు పౌరులు కారంటూ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాడు. మూడు రోజులకి మా సియాటిల్లోనే జడ్జి కాఫ్‌నవర్ దాన్ని ఆపాడు. ఆయన్ని నియమించింది రీగన్, అంటే రిపబ్లికనే. ఆ వారం మా ఆఫీసులో కడుపుతో ఉన్న అమ్మాయి క్యాలెండరు తీసి, డ్యూ డేట్ ఆ ఉత్తర్వు అమలు కావాల్సిన ఫిబ్రవరి 19కి ముందా తర్వాతా అని వేళ్ళ మీద లెక్కపెడుతుంటే చూశాను. పేకాట మీద నాకున్న కోపం ఆమె టెన్షన్ ముందు ఎంత?

ప్రభుత్వ జోక్యం వీలైనంత తగ్గాలనే చిన్న పార్టీ లిబర్టేరియన్లు ఈ రెండు విషయాల్లోనూ నాకు నచ్చినట్టే మాట్లాడతారు. గెలవరు. ఓటు మానేయడమంటారా, అదీ ఒక దారే.

నా మటుకు నేను నవంబరులో ఎక్కువగా డెమొక్రాట్ వైపే టిక్కు పెడుతున్నాను, ముక్కు మూసుకుని. కానీ నా అసలు ఓటు ఆగస్టుది. అప్పుడు జరిగేది ప్రైమరీ, అంటే అభ్యర్థుల్ని వడపోసే తొలి ఓటు. ఈ రాష్ట్రంలో దానికి పార్టీ పేరు రాయించుకోనక్కర్లేదు. అందరి పేర్లూ ఒకే బ్యాలట్ మీద ఉంటాయి, మొదటి ఇద్దరు నవంబరుకి వెళ్తారు, ఒక్కోసారి ఇద్దరూ ఒకే పార్టీవాళ్ళు. ఇప్పుడున్న సభ్యుడు మళ్ళీ నిలబడితే వారంట్ సవరణ మీద ఎటు ఓటేశాడో సభ రికార్డులో ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. కొత్తవాడైతే ఒక మెయిల్ పెట్టి అడుగుతాను. పోయినసారి ఇద్దరికి రాస్తే ఒకరే జవాబిచ్చారు.