నడుము నొప్పికి సీబీటీ: రెండున్నరేళ్ల తర్వాత

ముందే చెప్పేస్తాను, నా నొప్పి పోలేదు. సీబీటీ అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం. అది మొదలుపెట్టిన రోజు నొప్పి పదికి ఏడు అని రాసుకున్నాను. ఈ రోజు పొద్దున ఐదున్నర. సెషన్‌కు 1,800 చొప్పున పన్నెండు సెషన్లు, మొత్తం 21,600 పోస్తే తగ్గింది ఒకటిన్నరేనా అని మా ఆయన లెక్క తీశాడు. ఇన్సూరెన్స్ వాళ్లు ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే వైద్యం) కిందికి వస్తుందని పైసా ఇవ్వలేదు కాబట్టి ఆయన బాధ కూడా న్యాయమైనదే.

మాది మదనపల్లె దగ్గర. బెంగళూరు వచ్చి పదహారేళ్లయింది, ఉండేది మారతహళ్లిలో, ఉద్యోగం అకౌంట్స్‌లో. 2019 చివర్లో నడుము పట్టేసింది. డిస్కు కాస్త ఉబ్బింది, ఆపరేషన్ అక్కర్లేదు అన్నారు. ఫిజియోథెరపీ, నరాల నొప్పికిచ్చే ప్రెగబాలిన్ మాత్రలు, కషాయాలు, మా చిన్నత్త పంపిన తైలం, అన్నీ అయ్యాయి. మూడు నెలలు దాటితేనే దీర్ఘకాలిక నొప్పి అంటారట, నాది మూడేళ్లు దాటింది. అప్పుడు డాక్టరు "ఒకసారి సైకాలజిస్టును కలవండి" అంటే ఆయన ముందే ఏడ్చేశాను. ఇదంతా నేను నటిస్తున్నానని ఆయన అనుకున్నాడనిపించింది.

మొదట కలిసిన ఆవిడ మంచిదే, కానీ మాటలన్నీ ఇంగ్లిష్‌లో. నాకు సలుపు వేరు, పోటు వేరు, పీకడం వేరు. వాటిని ఇంగ్లిష్‌లోకి మార్చుకునేసరికే గంట అయిపోయేది. రెండు సెషన్లకే మానేశాను. రెండో ఆవిడ కర్నూలు మనిషి, ఆన్‌లైన్‌లో చూసేది. "పొద్దున లేచేటప్పుడు సలుపా, పోటా మేడమ్?" అని అడిగింది. చెప్పుకుంటూ పోయాను, ఆ రోజు టైమ్ సరిపోలేదు.

నటన అనే అనుమానాన్ని కూడా ఆవిడే తీర్చింది. మా తమ్ముడి పెళ్లిలో ఐదు గంటలు నిలబడి వడ్డించాను, నొప్పి తెలియలేదు. మర్నాడు మంచం దిగలేదు. "పెళ్లిలో బాగానే తిరిగావుగా" అని బంధువులు ఎత్తిపొడిచారు. ఈ సంగతి చెబితే ఆవిడ 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ప్రతిపాదించిన గేటు సిద్ధాంతం చెప్పింది. దెబ్బ కబురు వెన్నుపాములో ఒక గేటు దాటి మెదడుకు వెళ్తుంది, మెదడు నుంచి దిగే సంకేతాలు ఆ గేటును ఓరగా మూయనూ గలవు, బార్లా తెరవనూ గలవు. పెళ్లి సందడిలో గేటు మూసుకుంది, అంతే. నొప్పీ నిజమే, పెళ్లిలో తిరిగిందీ నిజమే. మూడేళ్లలో నన్ను నమ్ముతూ ఎవరైనా చెప్పిన మొదటి మాట అది.

నాకు బాగా పనికొచ్చింది టైమర్. నొప్పి తక్కువున్న శనివారం ఇల్లంతా దులిపి, బట్టలుతికి, దోసెల పిండి రుబ్బి, ఆదివారం, సోమవారం పడుకునేదాన్ని. నొప్పి ఆపమన్నప్పుడు కాదు, గడియారం ఆపమన్నప్పుడు ఆపాలి అంది ఆవిడ. చపాతీలు ఒత్తితే నాకు పద్నాలుగో నిమిషానికి నొప్పి మొదలయ్యేది. కాబట్టి పదికే ఆపాలి, బాగున్నా సరే. ఆరో చపాతీ కర్ర కింద సగం సాగి ఉండగా ఫోన్ మోగేది. పిండి ఆరిపోతుంటే, పెనం పొగలు కక్కుతుంటే, ఏ నొప్పీ లేకుండా వెళ్లి కుర్చీలో కూచోవడం ఎంత కష్టమో చేస్తేగానీ తెలియదు. "వంట మధ్యలో గంట కొట్టే వైద్యం నేనెక్కడా చూళ్లేదమ్మాయ్" అని మా అత్తమ్మ నవ్వేది. రెండు వారాలకు ఒక నిమిషం చొప్పున పెంచుతూ ఏడాదికి 35 చేశాను. ఇప్పుడు 500డి బస్సులో సీటు దొరక్కపోయినా సిల్క్ బోర్డు దాకా నిలబడి వెళ్తున్నాను.

ఆలోచనలు రాసుకునే కాగితం మాత్రం మొదట్లో చిరాకు. "గోరంతను కొండంత చేసుకుంటున్నారు" అని ఆవిడ ఒకసారి అనేసింది. నాది గోరంత కాదు మేడమ్ అని గట్టిగానే అన్నాను. సారీ చెప్పి, ముందే ఊహించి భయపడటం అని మార్చింది. తర్వాత నోట్‌బుక్‌లో లెక్క పెట్టించింది. "ఇక ఈ రోజు లేవలేను" అని రెండు నెలల్లో 31 సార్లు అనుకున్నాను. నిజంగా లేవలేనిది రెండు సార్లు. అంకెలతో బతికేదాన్ని కాబట్టి నాకు అది ఎక్కింది. శ్వాస వ్యాయామం నాకేమీ చేయలేదు, నిద్ర మాత్రం పట్టేది.

ఊహించనిది ఇంకోటి. ఒక సెషన్‌కు మా ఆయన్ను కూడా కూచోబెట్టింది. రోజూ సాయంత్రం ఆయన తలుపు తీయగానే "నొప్పి ఎలా ఉంది?" అనేవాడు. ప్రేమతోనే. ఆ ప్రశ్నకు జవాబు కోసం నేను నాలుగింటి నుంచే నడుమును గమనించుకునేదాన్ని. ఇప్పుడు "ఏం తిన్నావ్?" అంటాడు.

సీబీటీ మీద గొప్పలు చెప్పేవాళ్లను నమ్మకండి. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష 75 అధ్యయనాలు వడబోసి, నొప్పి మీదా, పనులు చేసుకోవడం మీదా, దిగులు మీదా ప్రభావం ఉంది గానీ చిన్నదే అని తేల్చింది. నా ఒకటిన్నర దానికి సరిపోతుంది. హోంవర్క్ చేయనివాళ్లకు డబ్బు దండగ. కాలు కొత్తగా బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఈ కాగితాలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మాత్రలు కూడా నేను సొంతంగా మానలేదు, డాక్టరే మెల్లగా తగ్గించాడు.

పోయిన నెల ఆడిట్ టెన్షన్‌లో నొప్పి మళ్లీ ఏడుకెక్కింది. టైమర్ 35 నుంచి 15కు దించాను. నిన్నటికి 22.