స్క్రీన్ మార్చుకునే వీలు: గ్నోమ్ పద్ధతి మేలా, ప్లాస్మా పద్ధతి మేలా?

రోజుకు ఎనిమిది గంటలు ఒకే స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లకు ఏ బటన్ ఎక్కడుందన్నది చిన్న విషయం కాదు. దాన్ని జరుపుకునే వీలు వాడేవాళ్లకు ఇవ్వాలా? విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌లో దీనికి రెండు జవాబులున్నాయి: గ్నోమ్, కేడీఈ ప్లాస్మా. ఈ రెండూ డెస్క్‌టాప్‌లు, అంటే స్క్రీన్ మీద మనకు కనబడే మెనూలు, బటన్లు, విండోల ఏర్పాటు.

గ్నోమ్‌లో చాలావరకు తయారుచేసేవాళ్లే నిర్ణయిస్తారు. 2011లో వచ్చిన గ్నోమ్ 3లో మినిమైజ్ బటన్ కూడా మామూలుగా కనబడదు. కేడీఈ ప్లాస్మాలో ప్యానెల్‌ను (బటన్లుండే పట్టీని) ఏ అంచుకైనా జరపొచ్చు, ఇంకోటి పెట్టుకోవచ్చు, షార్ట్‌కట్లు మార్చుకోవచ్చు.

గ్నోమ్ పక్షాన ఒక గట్టి కారణం ఉంది. ఒకసారి ఒకాయన వేరే ఏదో ప్రోగ్రామ్‌లో టూల్‌బార్ పొరపాటున మాయం చేసుకుని నాకు ఫోన్ చేశారు. "పైన ఎడమవైపు చూడండి" అంటే "ఇక్కడేం లేదండీ" అంటారు. అరగంట టెన్షన్ పడ్డాం. అందరి స్క్రీనూ ఒకేలా ఉంటే ఈ తిప్పలుండవు. పదిమంది వాడే కంప్యూటర్‌కి కదలని స్క్రీనే మేలు.

సొంత కంప్యూటర్ సంగతి వేరు. గ్నోమ్‌లోనూ జనం ఊరుకోరు, ఎక్స్‌టెన్షన్లు (డెస్క్‌టాప్‌ను మార్చే చిన్న చేర్పులు) వేసుకుంటారు. అవి డెస్క్‌టాప్ లోపలి కోడ్‌నే మారుస్తాయి కాబట్టి కొత్త వెర్షన్ వస్తే పనిచేయకుండా పోవచ్చు. 2023లో గ్నోమ్ 45 తన కోడ్ ముక్కలను (జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లను) కలుపుకునే పద్ధతి మార్చడంతో పాత ఎక్స్‌టెన్షన్లను సవరించక తప్పలేదు. అదే సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటే, దాన్ని పరీక్షించి కాపాడే బాధ్యత తయారుచేసినవాళ్లది. నేను ప్లాస్మా వైపు మొగ్గేది ఇందుకే.

సాఫ్ట్‌వేరే మన అలవాటు చూసి మారడం ఇంకో దారి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000 మెనూలు అరుదుగా వాడేవాటిని దాచేసేవి. ఇది అన్నిటికన్నా చేటు. చెయ్యి అలవాటుపడ్డ చోటు మనకు చెప్పకుండా మారకూడదు.

2019లో 3డీ బొమ్మలు తయారుచేసే ప్రోగ్రామ్ బ్లెండర్ 2.80 చేసిన పని నాకు బాగా నచ్చింది. ఎడమ క్లిక్‌తో ఎంచుకోవడం మామూలు పద్ధతిగా చేసి, పాత కుడి క్లిక్ కావాలా అని మొదటిసారి తెరిచినప్పుడే అడిగింది.

అక్షరాల సైజు, రంగుల తేడా మాత్రం ఏ పద్ధతిలోనైనా మన చేతిలో ఉండాల్సిందే. చూపు తగ్గినవాళ్లకు అది సరదా కాదు, అవసరం. దాంతోపాటు మొదట్లో ఉన్నట్టు చేసే రీసెట్ కూడా ఉండాలి, అదీ కళ్లెదుటే. అది కనబడి ఉంటే ఆ రోజు ఫోన్లో మా పని రెండు నిమిషాల్లో తెమిలేది.