న్యూయార్క్ రెస్టారెంట్ వీక్: ఏళ్ల తరబడి తిన్నాక నా అభిప్రాయం

రెస్టారెంట్ వీక్ అంటే ఏడాదికి రెండుసార్లు, కొన్ని వారాలపాటు న్యూయార్క్ రెస్టారెంట్లు ముందే నిర్ణయించిన తక్కువ ధరకి ప్రత్యేక మెనూ పెట్టే ఆఫర్. ముందు నా తీర్పు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వస్తాను. రెస్టారెంట్ వీక్‌కి వెళ్లేటట్టయితే మధ్యాహ్నం పూట వెళ్లండి. ఆ రెస్టారెంట్ ఏడాది పొడుగునా అమ్మే వంటకాలే ఆఫర్ మెనూలో కూడా ఉన్నాయో లేదో చూసుకుని మరీ వెళ్లండి. ఈ రెండూ కుదిరాయంటే మామూలు రోజుల్లో ధరలు చూసి వెనక్కి తిరిగే చోట 30 డాలర్ల మెనూతో హాయిగా కూర్చుని తినొచ్చు. కుదరకపోతే మానేయండి. ఆ డబ్బుతో న్యూజెర్సీలో మన హోటళ్లు ఎక్కువుండే ఎడిసన్ వెళ్లినా, మేముండే జెర్సీ సిటీలోనే న్యూవార్క్ అవెన్యూకి వెళ్లినా ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని కడుపునిండా తినొచ్చు.

మేం జెర్సీ సిటీలో ఉంటాం, పాత్ ట్రైన్ ఎక్కితే చాలు మన్‌హట్టన్. పెళ్లై ఇక్కడికి వచ్చిన కొత్తలో మొదలైన అలవాటు ఇది, కొవిడ్ అప్పుడు తప్ప మానలేదు. నేను అన్నీ తింటాను, మా ఆయన గుడ్డు కూడా ముట్టడు. అందుకని ఏ రెస్టారెంట్‌కి వెళ్లినా వాళ్ల మాంసం వంటా శాకాహారం వంటా రెండూ ఒకే పూట తెలిసిపోతాయి.

తెలియనివాళ్ల కోసం కొంచెం చరిత్ర. ఇది 1992లో మొదలైంది. ఆ ఏడాది డెమోక్రటిక్ పార్టీ జాతీయ సమావేశం న్యూయార్క్‌లో జరిగింది, బిల్ క్లింటన్‌ని అధ్యక్ష అభ్యర్థిగా ఎన్నుకున్న సమావేశం. ఊళ్లోకి దిగబోయే ప్రతినిధులకీ విలేఖరులకీ నగరం తరఫున మంచి భోజనం చవగ్గా పెట్టాలని రెస్టారెంట్ గైడ్లు వేసే టిమ్ జగాట్, పెద్ద పెద్ద రెస్టారెంట్లు నడిపిన జో బామ్ కలిసి ఈ ఆలోచన చేశారు. లంచ్ ధర ఆ ఏడాది అంకెతోనే పెట్టారు, 19 డాలర్ల 92 సెంట్లు. ఆ తర్వాత ఏటా ఒక్కో సెంటు పెంచుకుంటూ పోయారు. 2012 ఒలింపిక్స్ కోసం న్యూయార్క్ పోటీపడినప్పుడు 20.12 చేశారు, తర్వాత చాలాకాలం 24.07 నడిచింది. ఇప్పుడు 30, 45, 60 డాలర్లని మూడు ధరలు, ఏది పెట్టాలో రెస్టారెంట్ ఇష్టం. లంచ్‌కి రెండు కోర్సులు (ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే వంటకాలు), డిన్నర్‌కి మూడు. ఒకప్పుడు లంచ్‌కి కూడా మూడు ఉండేవి, ఆ డెజర్ట్ పోయినందుకు నాకు ఇప్పటికీ బాధే. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, చలికాలంలో జనవరి-ఫిబ్రవరి, ఎండాకాలంలో జూలై-ఆగస్టు.

ఆ నెలలే ఎందుకంటే అప్పుడే బల్లలు ఖాళీగా ఉంటాయి కనుక. క్రిస్మస్ ఖర్చులయ్యాక జనవరిలో జనం బయట తినడం తగ్గిస్తారు, ఆగస్టులో డబ్బున్నవాళ్లు సముద్రం ఒడ్డున ఇళ్లకి వెళ్లిపోతారు. సిబ్బందికి జీతాలివ్వాలి, అద్దె కట్టాలి, హాలు ఖాళీగా ఉండేకంటే తక్కువ లాభానికైనా నిండితే మేలు. ఈ సంగతి తెలిస్తే మెనూ చదవడం సులువు. ఎక్కడ చూసినా చికెన్, సాల్మన్, ఏదో ఒక పాస్తా కనిపించేది ఇందుకే. అవి చెడ్డవని అనను, బాగా చేసిన చికెన్ కంటే ఏం కావాలి? కానీ పీతకీ లాబ్‌స్టర్‌కీ పేరున్న చోటికి వెళ్లి, ఆఫర్ మెనూలో చికెన్ ఒక్కటే కనిపిస్తే వాళ్ల వంట రుచి చూసినట్టు కాదు. వాళ్ల కుర్చీలో కూర్చుని వచ్చినట్టు, అంతే.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ చెప్తాను. కొలంబస్ సర్కిల్ దగ్గర నూగటీన్ ఉంది, చెఫ్ జాన్-జార్జ్ వాన్‌గెరిక్టెన్ పెద్ద రెస్టారెంట్‌కి ముందు గదే అది. అక్కడి ట్యూనా టార్టార్ మామూలు మెనూలో ఎప్పుడూ ఉండే వంటకం, నేను వెళ్లినప్పుడు ఆఫర్ మెనూలో కూడా అదే పెట్టారు. కింద అవకాడో, దాని మీద పచ్చి ట్యూనా సన్న ముక్కలు, పైన కాగితమంత పల్చగా కోసిన ముల్లంగి, చుట్టూ అల్లం సాస్. పచ్చి చేప అంటే మొహం చిట్లించే మనవాళ్లు కూడా ఒక ముద్ద తిని చూడాలి. ముందు అల్లం ఘాటు తగులుతుంది, తర్వాత అవకాడో మెత్తదనం, చివర్లో ముల్లంగి కరకర. నీచు వాసన లేదు. చివరికి వేడి చాక్లెట్ కేకు, చెంచా గుచ్చగానే లోపలి నుంచి కరిగిన చాక్లెట్ బయటికొచ్చేది. ఆ చెఫ్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే వంటకం అది. తక్కువ డబ్బిచ్చాం కదా అని ఒక మెట్టు తగ్గించి పెట్టలేదు. నేను వెతికేది సరిగ్గా ఇదే.

ఇక డబ్బు లెక్క. 30 అని రాసి ఉన్నా చేతి నుంచి వెళ్లేది 30 కాదు. న్యూయార్క్ సిటీలో సేల్స్ ట్యాక్స్ 8.875 శాతం, అది కాక మెనూ ధర మీద 20 శాతం టిప్. అంటే ఒక మనిషికి లంచ్ 38 డాలర్ల 66 సెంట్లు, ఇద్దరికి 77 పైచిలుకు. అదే 60 డాలర్ల డిన్నర్ అయితే ఆ 77 ఒక్క మనిషికే. పైగా రాత్రి పూట వైన్ అడగకుండా కూర్చోవడం కష్టం, వచ్చినవాళ్లు ఏం తాగుతారనే ముందు అడుగుతారు, రెండు గ్లాసులకి ఇంకో 35, 40 డాలర్లు చేరతాయి. మామూలు మెనూలో ఒక అపెటైజర్, ఒక మెయిన్ కోర్స్ పంచుకుని తిన్నా దాదాపు అంతే అవుతుంది, పైగా మనకి కావలసింది తింటాం. అందుకే డిన్నర్ లెక్కకి నిలవదని అంటున్నాను.

మెనూలో వంటకం పక్కన చిన్న అక్షరాల్లో ప్లస్ గుర్తు పెట్టి అంకె వేస్తారు, దాన్ని సప్లిమెంట్ అంటారు. స్టేక్ పక్కన 15 అని ఉంటే ఆ 15 మన 30 మీదో 60 మీదో అదనం, దానిమీద మళ్లీ ట్యాక్స్, టిప్. మూడు మెయిన్ కోర్సుల్లో రెండింటికి సప్లిమెంట్ ఉన్న మెనూలు కూడా చూశాను, అలాంటి చోటికి నేను వెళ్లను. కూర్చోగానే నీళ్లు స్పార్క్లింగా (గ్యాస్ ఉన్నవి), స్టిల్లా (గ్యాస్ లేనివి) అని అడుగుతారు, రెండూ సీసాలే, రెండింటికీ బిల్లు వేస్తారు. ట్యాప్ వాటర్ అని చెప్పండి, ఎవరూ చిన్నచూపు చూడరు. న్యూయార్క్ కుళాయి నీళ్లు క్యాట్స్‌కిల్ కొండల వైపు నుంచి వస్తాయి, తాగడానికి చాలా బాగుంటాయి.

అన్ని అనుభవాలూ నూగటీన్‌లా లేవు. మిడ్‌టౌన్‌లో ఒక పేరున్న స్టేక్‌హౌస్‌కి రాత్రి భోజనానికి వెళ్లాం, పేరు చెప్పను. మామూలు మెనూ చేతికిచ్చారు, రెస్టారెంట్ వీక్ మెనూ అడిగితే తప్ప ఇవ్వలేదు. మాంసం మధ్యలో గులాబీ రంగులో ఉండాలని చెప్తే లోపలిదాకా బూడిద రంగు తేలి వచ్చింది, ముక్క నా అరచేతిలో సగం. బంగాళదుంపలు కూడా విడిగా కొనుక్కోవాలి. మా ఆయన ఇంకా తింటుండగానే నా ప్లేటు తీసేశారు, డెజర్ట్ అడక్కుండానే తెచ్చి పెట్టారు. ఆ బల్ల ఇంకొకరికి త్వరగా ఇవ్వాలన్న తొందర. ఇక్కడ నాకు కోపం వచ్చింది మాంసం మీద కాదు. కొత్తవాళ్లని గుమ్మంలోకి రప్పించడానికే కదా ఈ ఆఫర్ పెట్టింది, వచ్చినవాళ్లని తక్కువ డబ్బు మనుషుల్లా చూస్తే వాళ్లు మళ్లీ ఎందుకొస్తారు? మేం మళ్లీ వెళ్లలేదు.

శాకాహారుల సంగతి విడిగా చెప్పాలి, మన ఇళ్లల్లో చాలామందికి ఇదే అసలు ప్రశ్న. మెనూలో మాంసం పేరు లేనంత మాత్రాన మాంసం లేనట్టు కాదు. సీజర్ సలాడ్ డ్రెసింగ్‌లో ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది. సూపులూ, రిసొట్టో అనే ఇటాలియన్ అన్నం వంటకమూ చాలాచోట్ల చికెన్ స్టాక్‌తో, అంటే చికెన్ ఉడికించిన నీళ్లతో చేస్తారు. తాజా పాస్తా పిండి గుడ్డుతో కలుపుతారు, ఎండు పాస్తాలో సాధారణంగా గుడ్డు ఉండదు. అసలైన పార్మెజాన్ చీజ్‌కి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు. పన్నా కోటా అనే మీగడ డెజర్ట్‌లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసేది. గుడ్డు కూడా తినని మనిషికి చివర్లో మిగిలేది చాలాసార్లు సోర్బే అనే పళ్లరసం ఐసు ఒక్కటే. ఊరికే వెజిటేరియన్ అని చెప్తే సరిపోదు, ఇక్కడ ఆ మాటలో గుడ్డు తప్పులేదు, కొందరు చేప కూడా పర్వాలేదనుకుంటారు. అందుకే నేను బుక్ చేసేటప్పుడే నోట్‌లో మాంసం, చేప, గుడ్డు, చికెన్ స్టాక్, జెలటిన్ అని ఒక్కొక్కటీ రాస్తాను, కూర్చున్నాక మళ్లీ అడుగుతాను.

అడిగితే విసుక్కునే చోట్లు తక్కువే. వెస్ట్ విలేజ్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌లో పుట్టగొడుగులతో పొలెంటా అడిగాడు మా ఆయన. పొలెంటా అంటే మొక్కజొన్న రవ్వ సంకటే అనుకోండి. సర్వర్ అమ్మాయి లోపలికి వెళ్లి కనుక్కొచ్చి, అది చికెన్ స్టాక్‌తో ఉడికించారు, కాసేపు ఆగితే నీళ్లతో కొత్తగా చేయిస్తానంది. పావుగంటలో తెచ్చింది. జారుగా, పొగలు కక్కుతూ, మీద వెన్న కరుగుతూ, పుట్టగొడుగులు అంచులు మాడేదాకా వేయించి వేశారు. నాది పక్కన పెట్టేసి నేనూ అదే తిన్నాను. హాలు నిండా జనం ఉన్న రోజున 30 డాలర్ల బల్లకోసం విడిగా గిన్నె పెట్టి వండారు. అక్కడికి ఆఫర్ లేని రోజుల్లో కూడా వెళ్తున్నాం, పుట్టినరోజులు అక్కడే చేసుకుంటున్నాం.

పప్పు, పనీర్ మీద నమ్మకం ఉన్నవాళ్లకి ఈ ఆఫర్‌లో చేరే భారతీయ రెస్టారెంట్లు కూడా ఉంటాయి. ట్రైబెకాలో టామరిండ్‌కి ఆఫీసు స్నేహితులతో వెళ్లాను, మన తిండిని శ్రద్ధగా వడ్డించే చోట తెల్లవాళ్లకి తినిపించడం నాకు సంతోషంగా అనిపించింది. అయితే మనింట్లో దొరికే రుచికోసం ఈ ఆఫర్ వాడుకోవడం కంటే దొరకని రుచికోసం వాడుకోమనే నా సలహా.

ఎండాకాలంలో ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తారు కాబట్టి వాళ్లని తీసుకెళ్లాలా వద్దా అని చాలామంది అడుగుతారు. మా అత్తగారు, మామగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాం. మొదటి ప్లేటు చూసి అత్తగారు మెల్లగా, “ఇంతేనా అమ్మా, ఇంకా తెస్తారా?” అని అడిగారు. తెస్తారు అత్తయ్యా, ఒక్కొక్కటిగా తెస్తారు అన్నాను. గంటన్నర కూర్చునే భోజనం ఆవిడకి కొత్త, ఏసీ చలి ఎక్కువ, మంచినీళ్లలో ఐసు. వేడినీళ్లు అడిగితే కెటిల్‌తో సహా తెచ్చి నిమ్మకాయ ముక్క పక్కన పెట్టారు, ఆవిడ మొహంలో బిడియం పోయింది. పెద్దవాళ్లతో వెళ్తే శాలువా తీసుకెళ్లండి, ఇంట్లో పెరుగన్నం ఉంచి వెళ్లండి. మామగారికి బిల్లు చూపించకండి, రూపాయల్లోకి మార్చి లెక్కేశాక ఎంత రుచిగా తిన్నా ఒంటబట్టదు.

టిప్ గురించి ఒక మాట. ఆఫర్ ధర మీద 20 శాతం ఇస్తే తప్పేం కాదు, కానీ మామూలుగా ఎంతయ్యేదో దానిమీద ఇస్తే బాగుంటుందని నా అభిప్రాయం. సర్వర్ మోసిన ప్లేట్లు అన్నే, నడిచిన నడక అంతే, బిల్లు మాత్రం చిన్నది. ఈ వారాల్లో హాలు కిటకిటలాడుతుంది, వాళ్లకి ఊపిరాడదు. నేను ఇద్దరికీ కలిపి ఇంకో నాలుగైదు డాలర్లు పెడతాను.

శనివారం ఈ ఆఫర్ ఉండదు, ఆదివారం కొన్నిచోట్లే. అంటే లంచ్‌కి చాలావరకు ఆఫీసు రోజే వెళ్లాలి. మేం శుక్రవారం సెలవు పెట్టుకుంటాం, ఒంటిగంటన్నర తర్వాత బల్ల అడుగుతాం, అప్పటికి ఆఫీసుల రద్దీ తగ్గి వడ్డించేవాళ్లు కాస్త నింపాదిగా ఉంటారు. ఎండాకాలం కంటే జనవరి చివర మంచిది, మంచు పడి జనం ఇల్లు కదలని రోజుల్లో పేరున్న చోట్ల కూడా ముందురోజు బల్ల దొరుకుతుంది. జాబితా బయటికి రాగానే పేరు చూసి బుక్ చేసేయకండి. ఆ రెస్టారెంట్ ఆఫర్ మెనూ, మామూలు మెనూ రెండూ పక్కపక్కన తెరిచి చూడండి, కనీసం రెండు వంటకాలు రెండింట్లోనూ ఉంటే బుక్ చేయండి. ఆఫర్ మెనూ ముందుగా పెట్టని చోట ఫోన్ చేసి అడుగుతాను, చెప్పకపోతే వేరేచోటు చూసుకుంటాను.